ఒఫెన్‌బాక్ సంగీత నాటకాలు చూడడం ఎలా మొదలుపెట్టాలి

ఒక ట్యూన్ మీకు ఇప్పటికే తెలుసు. డాన్సర్లు వరసగా నిలబడి, గౌను కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని, మోకాళ్లు ముక్కుదాకా ఎత్తి ఆడే క్యాన్‌క్యాన్ ఉంది చూడండి, దానికి వాయించేది. ప్రకటనల్లో, కార్టూన్లలో, ఎవరో ఎవర్నో తరుముతున్న సీన్లలో ఎప్పుడో ఒకసారి మీ చెవిన పడే ఉంటుంది. అది డాన్సు కోసం విడిగా కట్టిన ట్యూన్ కాదు. 1858 అక్టోబరు 21న పారిస్‌లో మొదటిసారి ఆడిన ఒక సంగీత నాటకం చివర్లో, దేవుళ్లంతా నరకానికి విహారానికి వెళ్లి, తాగి గెంతే సందర్భంలోది. దాన్ని కట్టినాయన జాక్ ఒఫెన్‌బాక్.

ఆయన రంగస్థలం కోసం వందకు దగ్గరగా రచనలు చేశాడు. ఫ్రెంచి రానివాళ్లు, ఒపెరా అంటే ఏమిటో తెలియనివాళ్లు ఆ కుప్పలో ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక క్యాన్‌క్యాన్ దగ్గరే ఆగిపోతారు. నేనూ అలాగే ఆగిపోయాను. ఆయన మంచి పాటలన్నీ ఒకచోట చేర్చిన ప్లేలిస్టు పెట్టుకుని రెండు వారాలు విన్నాను. అన్నీ ఒకేలా హుషారుగా ఉన్నాయనిపించింది. ఒక ఆడగొంతు నెమ్మదిగా పాడే పాట వస్తే ప్రతిసారీ దాటేసేదాన్ని. తర్వాత ఒక రాత్రి సబ్‌టైటిల్స్‌తో పూర్తి నాటకం చూస్తే తెలిసింది, నేను దాటేస్తూ వచ్చినది ఆకలికి తట్టుకోలేక ప్రియుణ్ణి వదిలిపోతున్న పిల్ల రాసిన ఉత్తరమని. ఆ రాత్రి ఆ పాట నాలుగుసార్లు విన్నాను.

కాబట్టి ఈ కింద చెప్పేవన్నీ ఒక్క పద్ధతి మీదే నడుస్తాయి. ఎవరు, ఎవరితో, ఏ అవస్థలో పాడుతున్నారో తెలుసుకున్నాకే పాట వినండి.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఆడియో కాకుండా వీడియో వెతకండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నదే ఎంచుకోండి. వీటిలో చాలావాటిని ఒపెరా బూఫ్ అంటారు, అంటే హాస్య సంగీత నాటకం. పాటకీ పాటకీ మధ్య మామూలు మాటలుంటాయి, కథ చాలావరకు ఆ మాటల్లోనే నడుస్తుంది. ఆడియో రికార్డింగుల్లో ఈ మాటలు బాగా కత్తిరించేస్తారు, అందుకే పాటలు దారం తెగిన పూసల్లా వినిపిస్తాయి.

చూసే ముందు కథ చదవండి. సస్పెన్స్ పోతుందని భయపడకండి. పద్యనాటకం చూడ్డానికి వెళ్లేవాళ్లకి కథ ముందే తెలుసు, ఆ పద్యం ఈ నటుడు ఎలా పాడతాడో వినడానికే వెళ్తారు. ఇదీ అంతే. పాటల మాటలుండే పుస్తకాన్ని లిబ్రెటో అంటారు. ఈ నాటకాలన్నీ కాపీరైటు దాటిపోయినవి కాబట్టి లిబ్రెటోలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైట్‌లో ఆనాటి ముద్రణలే చూడొచ్చు. మీకు కీబోర్డో వయొలినో వస్తే, స్వరాల పుస్తకాలు ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ అనే సైట్‌లో ఉన్నాయి. వెతికేటప్పుడు నాటకం పేరు ఫ్రెంచి స్పెల్లింగుతోనే కొట్టండి, లేకపోతే ఎక్కడెక్కడివో వస్తాయి.

ఒకేసారి మూడు గంటలు కూర్చోవాలనే టెన్షన్ పెట్టుకోవద్దు. రోజుకో అంకం చూడండి.

మనిషి గురించి కొంచెం

ఈ నాటకాలు అలా ఎందుకున్నాయో తెలియాలంటే ఆయన బతుకు కొంత తెలియాలి. 1819లో జర్మనీలోని కొలోన్‌లో యూదుల ఇంట పుట్టాడు. తండ్రి సినగాగ్‌లో ప్రార్థనాగీతాలు పాడేవాడు. అబ్బాయి చెల్లో అనే పెద్ద తీగవాయిద్యం బాగా వాయిస్తున్నాడని 1833లో పారిస్ తీసుకెళ్లాడు. అక్కడి సంగీత కళాశాలలో విదేశీయులకు ప్రవేశం లేదు. అయినా పెద్ద ఆచార్యుడు కెరూబీనీ అతని వాయిద్యం విని చేర్చుకున్నాడు. పిల్లవాడు ఏడాదికే చదువు మానేసి, ఒపెరా కోమిక్ థియేటర్ వాద్యబృందంలో చెల్లో వాయిస్తూ బతికాడు. తన నాటకాలు ఆడమని ఏళ్ల తరబడి థియేటర్ల చుట్టూ తిరిగాడు. ఎవరూ ఆడకపోతే 1855లో తనే ఒక చిన్న థియేటర్ తెరిచాడు. దాని పేరు బూఫ్ పరీజియెన్. ఆ ఏడాది పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరుగుతోంది, థియేటరు అక్కడికి దగ్గర్లోనే.

ఆ రోజుల్లో థియేటర్ నడపాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆయనకిచ్చిన లైసెన్సులో షరతు, నాటకం ఒకే అంకంలో అయిపోవాలి, పాత్రలు ముగ్గురు నలుగురికి మించకూడదు. 1857లో రాసిన క్రోక్‌ఫేర్‌లో ఆయనకు ఇంకో పాత్ర కావలసి వచ్చింది. అప్పుడేం చేశాడో చూడండి. ఆ మనిషి నాలుక శత్రువులు కోసేశారని కథలో పెట్టేశాడు. మాట్లాడలేని మనిషి లెక్కలోకి రాడు కదా! ఈ ఒడుపు ఆయన్ని ఎప్పుడూ వదల్లేదు. తక్కువ మందితో, తక్కువ వాయిద్యాలతో, క్షణంలో సన్నివేశం కట్టడం ఆ ఇరుకు థియేటర్లోనే అలవాటైంది.

అందుకే ముందు ఒక పొట్టి నాటకంతో మొదలుపెట్టమంటాను. థియేటర్ తెరిచిన రోజునే ఆడిన లే దోజావేగ్ల్, అంటే ఇద్దరు గుడ్డివాళ్లు. పారిస్‌లో ఒక వంతెన మీద ఇద్దరు దొంగ గుడ్డివాళ్లు అడుక్కునే చోటు కోసం కొట్టుకుంటారు. మనుషులు కనబడగానే కళ్లు లేనట్టు పాడతారు, వాళ్లు పోగానే పేకాటకు కూర్చుంటారు. ఒక టీ తాగేలోపు సంగతంతా అర్థమైపోతుంది.

మొదటి పెద్ద నాటకం: ఓర్ఫే ఓజాంఫేర్

షరతులు సడలాక రాసిన మొదటి పెద్ద నాటకం ఇది. పేరుకు అర్థం నరకంలో ఓర్ఫియస్. అసలు గ్రీకు పురాణం ముందు తెలుసుకోండి. ఓర్ఫియస్ వీణ వాయిస్తే చెట్లూ జంతువులూ కదిలొచ్చేవి. భార్య యూరిడిస్ పాము కరిచి చనిపోతే, యమలోకం వెళ్లి పాటతో మెప్పించి ఆమెను వెనక్కి తెచ్చుకుంటాడు. దారిలో వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తాడు, పోగొట్టుకుంటాడు.

ఒఫెన్‌బాక్ నాటకంలో ఈ ఇద్దరికీ క్షణం పడదు. ఓర్ఫియస్ వయొలిన్ మేష్టారు. ఆ వయొలిన్ మోత వినలేక చస్తున్నానంటుంది పెళ్లాం. ఆమె మనసుపడ్డ పక్క పొలం కుర్రాడు మారువేషంలో ఉన్న నరకాధిపతి ప్లూటో. ఆమె చనిపోయేటప్పుడు పాడే పాట వినండి. చావు నవ్వుతూ వచ్చిందని ఎంతో తీయగా పాడుతుంది. పోతూపోతూ మొగుడికి చీటీ రాసిపెడుతుంది, చచ్చిపోయాను కాబట్టి ఇల్లు వదిలి వెళ్తున్నానని. మొగుడు చదివి ఎగిరి గంతేస్తాడు. అంతలో లోకాభిప్రాయం అనే పాత్ర వచ్చి పడుతుంది. లోకం ఏమనుకుంటుంది, నడు, వెళ్లి నీ భార్యను తిరిగి ఇమ్మని అడుగు అని గదమాయించి లాక్కెళ్తుంది. నలుగురూ ఏమనుకుంటారో అనే భయం నిజంగానే ఒక మనిషి రూపంలో స్టేజి మీద నిలబడితే, దాన్ని అర్థం చేసుకోవడానికి మనకు ఏ నోట్సూ అక్కర్లేదు.

ఈ నాటకంలో నాలుగు చోట్ల ఆగి వినండి.

ఒకటి, ఓర్ఫియస్ దేవతల సభలో భార్యను ఇమ్మని అడిగే చోటు. ఇక్కడ పాడేది ఒఫెన్‌బాక్ ట్యూన్ కాదు. గ్లుక్ అనే ఆయన ఇదే కథ మీద 1762లో రాసిన ఒపెరాలో, భార్యను పోగొట్టుకున్న ఓర్ఫియస్ ఏడుస్తూ పాడే పాట. పారిస్ ప్రేక్షకులకు అది కంఠతా వచ్చు. కాబట్టి నాటకం పెట్టే ముందు గ్లుక్ పాట ఒకసారి వినండి, నాలుగైదు నిమిషాల పని. నిజమైన దుఃఖం కోసం కట్టిన వరసను, భార్య అక్కర్లేనివాడు మొక్కుబడిగా పాడుతుంటే అప్పుడు తెలుస్తుంది ఆ చమత్కారం.

రెండు, దేవతల తిరుగుబాటు. రోజూ అదే అమృతం తాగలేక విసిగిపోయి తమ రాజు జూపిటర్ మీద తిరగబడతారు. వాళ్ల కోరస్‌లో లా మార్సెయేజ్ ముక్క ఒకటి దూరుతుంది. ఈనాడు అది ఫ్రాన్స్ జాతీయగీతం. మూడో నెపోలియన్ చక్రవర్తి కాలంలో అది విప్లవకారుల పాట, బహిరంగంగా పాడనిచ్చేవారు కాదు. హాల్లో కూర్చున్నవాళ్లకు జూపిటర్ ఎవరో ఇట్టే తెలిసిపోయి ఉంటుంది.

మూడు, ఈగ యుగళం. యూరిడిస్‌ను బంధించిన గదిలోకి తాళపుచెవి కన్నం గుండా జూపిటర్ ఈగై దూరతాడు. దేవుళ్లకు రాజు, పాటంతా జుమ్మంటూ తిరుగుతాడు. అతని వంతు చాలావరకు ఝంకారమే. అర్థం తెలియకపోయినా నవ్వొచ్చే పాట ఇది. ఇంట్లో పిల్లలుంటే ఇక్కడ పిలవండి.

నాలుగోది చివరి విందు. క్యాన్‌క్యాన్ ట్యూన్ కోసం ముందుకు జరపకండి, దయచేసి. దానికి ముందు జూపిటర్ ఒక మెన్యుయెట్ ఆడతాడు. రాజుల దర్బారుల్లో ఆడే పాతకాలపు నాట్యం అది, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తారు. పెద్దమనిషి మర్యాద అంతా అందులో ఉంటుంది. అది అయిందో లేదో నేల కిందనుంచి ఏదో తన్నుకొచ్చినట్టు ఆ గాలప్, అంటే మీకు తెలిసిన క్యాన్‌క్యాన్ ట్యూన్, అందుకుంటుంది, మర్యాద మొత్తం ఎగిరిపోతుంది. విడిగా వింటే అది హుషారు ట్యూన్. మెన్యుయెట్ తర్వాత వింటే తిరుగుబాటు.

చూశాక ఇంకొక పని చెయ్యండి. సెయింట్ సాన్స్ అనే స్వరకర్త 1886లో రాసిన జంతువుల కార్నివాల్ అనే వాద్యసంగీతంలో తాబేలు భాగం పెట్టండి. అదే ట్యూన్, నత్తనడకన. తాబేళ్లు క్యాన్‌క్యాన్ ఆడుతున్నట్టు.

రికార్డింగు ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ నాటకానికి రెండు రూపాలున్నాయి. 1858 నాటిది రెండంకాలు. 1874లో పెద్ద థియేటర్ కోసం బ్యాలేలు చేర్చి నాలుగంకాలకు పెంచాడు. మొదటిసారి చూసేవాళ్లకు చిన్నదే మేలు. మార్క్ మింకోవ్‌స్కీ వాద్యబృందాన్ని నడిపించగా నతాలీ దెస్సే యూరిడిస్‌గా పాడిన లియోన్ ఒపెరా ప్రదర్శన నాకిష్టం. ఆ ఈగ పాటలో ఆవిడ గొంతూ ముఖమూ రెండూ చూడాలి.

తర్వాత లా పెరికోల్, ఇక్కడ నెమ్మదిగా

నన్నడిగితే ఒఫెన్‌బాక్ మనసంతా ఇందులోనే ఉంది. 1868 అక్టోబరులో వచ్చింది. మాటలు ఆన్రీ మెయాక్, ల్యూదోవిక్ అలేవీలవి. ఆయన గొప్ప నాటకాలు చాలావాటికి రాసిన జంట వీళ్లే. కథ పెరూ దేశపు లీమా నగరంలో. పెరికోల్, పికీయో వీధుల్లో పాడుకునే జంట. పాడతారు, పళ్లెం పడతారు, ఒక్క నాణెం పడదు. అంతలో సర్కస్ జంతువులొస్తే జనమంతా అటు పోతారు. పికీయో వేరే చోట ప్రయత్నిస్తానని వెళ్తాడు. ఆకలి తెలియకుండా ఉండాలని పెరికోల్ అక్కడే పడుకుంటుంది. మారువేషంలో తిరుగుతున్న వైస్రాయ్ ఆమెను చూసి, కోటలో ఉద్యోగమిస్తాను రమ్మంటాడు. ఎందుకు రమ్మంటున్నాడో ఆమెకు తెలుసు. భోజనం ఉంటుందనీ తెలుసు.

అప్పుడు పికీయోకి ఉత్తరం రాస్తుంది. నేను దాటేస్తూ వచ్చిన పాట ఇదే. నా ప్రాణంగా నిన్ను ప్రేమిస్తున్నాను, ఒట్టు, కానీ ఈ బతుకు ఇలా ఎన్నాళ్లు, నువ్వు ఒప్పుకోవాలి అని మొదలవుతుంది. ప్రెవో రాసిన ఒక పాత ఫ్రెంచి నవలలో మానోన్ అనే పిల్ల ఇలాంటి ఉత్తరమే రాస్తుంది, దాన్నుంచి తీసుకున్నారు. ఈ పాటలో హాస్యం లేదు, ఏడుపూ లేదు. గొంతు ఎక్కడా పెద్దగా లేవదు. ఆకలితో ఉన్న మనిషి గట్టిగా పాడలేదు కదా. హాస్య నాటకం నడిమధ్యలో ఇంత మెత్తని పాట పెట్టే ధైర్యం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వెంటనే వచ్చే పాట దీనికి పూర్తి విరుద్ధం. కోటలో ఉండాలంటే ఆ స్త్రీకి పెళ్లయి ఉండాలని నియమం. అందుకని వైస్రాయ్ మనుషులు ఆమెకు కడుపునిండా పెట్టి, తాగించి పెళ్లికి తీసుకొస్తారు. ఆహా ఏం భోజనం చేశాను అంటూ తూలుతూ పాడుతుంది. తాగిన పాట అనగానే కొందరు గాయనులు అతి చేస్తారు. బాగా పాడేవాళ్లు, తాగలేదని నమ్మించడానికి తంటాలు పడుతున్నట్టు పాడతారు. ఇద్దరు ముగ్గురివి పక్కపక్కన పెట్టి వినండి, తేడా ఇట్టే పట్టేస్తారు. పెళ్లికొడుకుగా పట్టుకొచ్చింది ఎవర్ననుకున్నారు? పికీయోనే. వాడు ఒళ్లు తెలియనంత తాగి ఉన్నాడు. ఎవరి మెళ్లో మూడు ముళ్లు వేస్తున్నాడో వాడికి తెలియదు. ఆమెకు తెలుసు.

దీనికీ రెండు రూపాలున్నాయి, ఇక్కడ మాత్రం 1874 నాటి మూడంకాలది ఎంచుకోండి. జైలు అంకం అందులోనే ఉంది. మొండికేసిన మొగుళ్ల కోసం పెట్టిన జైలు అది! అక్కడ పెరికోల్ పికీయో దగ్గరకొచ్చి పాడుతుంది: నువ్వు అందగాడివి కావు, డబ్బున్నవాడివీ కావు, తెలివి అసలే లేదు. ఇలా ఒక్కొక్కటే లెక్కపెట్టి, చివరికి, అయినా దొంగవెధవా నువ్వంటే నాకు ప్రాణం అంటుంది. ఉత్తరం పాటకు జవాబు ఈ పాట. రెండూ ఒకే రోజు వినండి.

రెజీన్ క్రెస్పాన్ పాడిన రికార్డింగు, తెరేసా బెర్గాంజా పాడినదీ రెండూ మంచివే. మాట స్పష్టత కావాలంటే క్రెస్పాన్.

ఆ తర్వాత ఏ వరసలోనైనా

లా బెల్ ఎలెన్ (1864) గ్రీకు పురాణంలోని ట్రాయ్ యుద్ధానికి ముందు కథ. ఇందులో రాజుల ప్రవేశం దగ్గర ఒక ఫ్రెంచి చమత్కారం ఉంది, సబ్‌టైటిల్స్‌లో అందదు కాబట్టి చెబుతాను. హెలెన్ మొగుడు మెనెలాస్, నేను రాణిగారి ఎపూని అని పాడతాడు. ఎపూ అంటే భర్త. ఆ మాట తిరిగి పాడేటప్పుడు మొదటి అక్షరం పోయి చివరి ముక్క మిగులుతుంది: పూ, పూ. ఫ్రెంచిలో పూ అంటే పేలు. రాణిగారి భర్త రాణిగారి తలలో పేలైపోయాడు. అగమెమ్నాన్ వచ్చి నేను గడ్డం రాజుని అంటే, బార్బ్యూలో చివరి ముక్క బ్యూ ఒక్కటే మళ్లీ మళ్లీ వినిపిస్తుంది, అంటే తాగేసినవాడు. పదాన్ని విరిచి ఆడుకోవడం మనకు బాగా తెలిసిన సరదానే. 2000లో పారిస్‌లోని షాత్లే థియేటర్లో ఫెలిసిటీ లాట్ హెలెన్‌గా చేసిన ప్రదర్శన వీడియో ఉంది, తప్పక చూడండి.

లా వీ పరీజియెన్ (1866) పురాణం కాదు, ఆనాటి పారిసే. రైలు స్టేషన్లో మొదలవుతుంది. ఊరు చూడ్డానికొచ్చిన స్వీడన్ దొరను ఒక కుర్రాడు గైడు వేషంలో తన ఇంటికే తీసుకెళ్లి, ఇదే హోటల్ అని నమ్మిస్తాడు. ఇంకో కుర్రాడు స్విట్జర్లాండ్ నౌకాదళాధిపతి వేషం వేస్తాడు. సముద్రమే లేని దేశానికి! ఆ కోటు బిగుతై వీపు మీద టప్పున చిరుగుతుంది, అందరూ కలిసి మీ కోటు వీపున చిరిగింది అని ఒక పెద్ద బృందగానం అందుకుంటారు. ఇది ఆడిన పాలే రాయాల్ థియేటర్లో ఉన్నవాళ్లు ఎక్కువమంది గాయకులు కారు, మామూలు నటులు. అందుకే పాటలు గొంతుకు సులువుగా ఉంటాయి. సంగీతం నేర్చుకోని మనమూ కూనిరాగం తీసుకోవచ్చు.

లా గ్రాండ్ డ్యూషెస్ ద జెరోల్‌స్టైన్ (1867) సైన్యం మీద వ్యంగ్యం. ఒక చిన్న రాజ్యపు రాణి, నచ్చిన సిపాయిని ఒక్క అంకంలో సైన్యాధిపతిని చేసేస్తుంది. ఆ ఏడాది ప్రపంచ ప్రదర్శనకు వచ్చిన రష్యా చక్రవర్తి, జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రధాని బిస్మార్క్ కూడా చూశారు. మూడేళ్లకే ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధంలో ఉన్నాయి. జర్మనీలో పుట్టాడని ఒఫెన్‌బాక్‌ను ఫ్రాన్స్‌లో, ఫ్రాన్స్ పక్షమని జర్మనీలో తిట్టారు. అది మనసులో పెట్టుకుని చూడండి.

చదువుకో ఉద్యోగానికో యూరప్‌లో ఉన్నవాళ్లు పారిస్ వెళ్తే, ఈ నాటకాలు మొదట ఆడిన వారియెతే, పాలే రాయాల్ థియేటర్లు రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి. బూఫ్ పరీజియెన్ కూడా.

చివరికి హాఫ్‌మన్ కథలు

చాలామంది దీంతోనే మొదలుపెడతారు, పేరున్న ఒపెరా కదా అని. నేను మాత్రం ఆఖరున పెట్టమంటాను. ఆయన జీవితమంతా నవ్వించి, థియేటర్ వ్యాపారంలో 1875లో దివాలా తీసి, అప్పులు తీర్చడానికి మరుసటి ఏడాది అమెరికా వెళ్లి కచేరీలు చేసి, కీళ్లవాతంతో బాధపడుతూ రాసినది ఇది. పూర్తి చేయకుండానే 1880 అక్టోబరులో కన్నుమూశాడు. ఎర్నెస్ట్ గీరో మిగతాది పూర్తిచేస్తే 1881 ఫిబ్రవరి 10న ఒపెరా కోమిక్‌లో ఆడారు, అదీ వెనిస్ అంకం మొత్తం తీసేసి. అందుకే ఏ రెండు ప్రదర్శనల్లోనూ ఇది ఒకేలా ఉండదు. అంకాల వరస మారుతుంది, పాటలు మారతాయి. మీరు చదివిన కథకీ చూసేదానికీ పొంతన కుదరకపోతే కంగారుపడకండి.

హాఫ్‌మన్ అనే కవి మూడు ప్రేమలు చెబుతాడు. మొదటిది ఒలింపియా, నిజానికి కీలుబొమ్మ. ఆమె పాట మధ్యలో కీ అయిపోయి స్వరం జారిపోతుంది, మళ్లీ కీ తిప్పుతారు. ఇక్కడ పాత ఒఫెన్‌బాక్ కనిపిస్తాడు. రెండోది ఆంటోనియా, పాడితే చనిపోయే జబ్బున్న గాయని. ఆమె పాడుతుంది. మూడోది వెనిస్‌లో జూలియెట్టా. ఆ అంకంలోనే ఇద్దరు ఆడవాళ్లు కలిసి పాడే బార్కరోల్ ఉంది, పడవపాట. 1864లో వియన్నా కోసం రాసిన వేరే ఒపెరాలోంచి తీసి ఆయనే ఇక్కడ పెట్టుకున్నాడు.

ఆ పాటను నిద్రకు ముందు వినే ప్లేలిస్టుల్లో పెడుతుంటారు. నాటకంలో ఏం జరుగుతుందో చూడండి. జూలియెట్టా ఒక మాంత్రికుడి మాట మీద హాఫ్‌మన్‌ను వలలో వేసుకుని అతని ప్రతిబింబాన్ని దొంగిలిస్తుంది. అద్దంలో చూసుకుంటే అతనికి తన ముఖం కనబడదు. ఆమె కోసం ఇంకొకణ్ణి కత్తియుద్ధంలో చంపుతాడు. చాలా ప్రదర్శనల్లో ఆ కత్తులు దూస్తున్నంతసేపూ వెనక వినబడేది ఈ పడవపాటే, అదే ఊపుతో, అంతే హాయిగా. హంతకుడైన మనిషి ఒడ్డున నిలబడి ఉంటే, ఆమె పడవెక్కి వెళ్లిపోతుంది.